మాదన్నపేటలో గాలిపడవ దిగిన ఆదివారం

శనివారం మధ్యాహ్నం రెండు గంటల పాసెంజరుకు జనగామలో ఎక్కాను. పని ఒక్కటే, ఒక మనిషిని వాదనలో ఓడించడం.

ప్రతి ఆదివారం పొద్దున టీవీలో ఇంగ్లీషు సీరియల్ ఒకటి వస్తోంది. అంతరిక్షంలో గాలిపడవలాంటి ఓ ఓడ, అందులో ఓ కెప్టెన్, గ్రహానికో చిక్కు. అది ఉత్త అట్టపెట్టెల భాగోతమనీ, అందులోని రబ్బరు తలకాయ జీవికి మెడ దగ్గర కుట్టు కనిపిస్తోందనీ నేనొక వారపత్రికకు ఉత్తరం రాశాను. ఇంగ్లీషు పంతులిని కదా, తప్పు కనబడితే ఎర్రసిరాతో గీయకుండా ఉండలేను. దానికి హైదరాబాదు మాదన్నపేట నుంచి పాల వ్యాపారి యాదగిరి జవాబు రాశాడు, ఇంత మంచి కథ తాను పుట్టి బుద్ధెరిగాక చూడలేదని. అప్పటినుంచి మా మధ్య కార్డుల యుద్ధం. చివరి కార్డులో, "ఈ ఆదివారం ఆఖరి భాగం. మా ఇంట్ల కూసొని చూడుండ్రి సార్. అప్పుడు గూడ బాగలేదంటే నేను ఒప్పుకుంట" అని ఉంది. ఇంకేం, సంచి సర్దాను.

బండిలో ఎదురుగా సీతాఫలాల గంపతో కూర్చున్నామె నా ప్రయాణం సంగతి విని ముక్కున వేలేసుకుంది. "టీవీ చూడనీకి పట్నం పోతున్నవా సారూ? ఇంట్ల ఆమె ఏమంటలేదా?"

"చార్మినార్ కాడ పత్తర్‌గట్టిల చీర తెస్తనని చెప్పిన" అన్నాను.

"మంచిగ చెప్పినవ్" అంటూ ఒక పండు చేతిలో పెట్టింది. డబ్బులు తీసుకోలేదు.

అయిదింటికి సికింద్రాబాదు. అక్కడ చాయ్ తాగి చిన్న లైను బండి ఎక్కితే యాకుత్‌పురాలో దిగేసరికి ఆరుంబావు. యాదగిరి సైకిలుతో స్టేషన్‌కు వచ్చాడు. కార్డుల్లో పులిలా గర్జించిన మనిషి ఇంత సన్నగా ఉంటాడనుకోలేదు. నా సంచిని పాలక్యాను పక్కన తగిలించి, నడుస్తూ దారి పొడుగునా సీరియల్ గురించే చెప్పాడు.

"చెల్లె కోసం ఆ కెప్టెన్ పడే తిప్పలు చూస్తే కడుపు తరుక్కపోతది సార్."

"ఏ చెల్లె?"

"గదేంది సార్, దొంగలు ఎత్తుకపోయిన చెల్లె! ఆమె కోసమే కదా ఊరూరు తిరుగుతున్నడు."

మొదటి భాగం నుంచీ చూస్తున్నాను, నాకే చెల్లీ కనబడలేదు. వీడితో వాదన గెలవడం మంచినీళ్లు తాగినంత సులువని సంబరపడ్డాను. రాత్రి జొన్నరొట్టె, కోడికూర పెట్టారు. బర్రెల కొట్టం పక్కన మంచం వేశారు. దోమలు తప్ప లోటు లేదు.

ఆదివారం పదింటికల్లా ఆ ముందుగదిలో ముప్పై మంది చేరారు. వాడకట్టుకంతా అదొక్కటే టీవీ. అందరికంటే ముందు యాదగిరి తల్లి మల్లమ్మ పీట వేసుకుని కూర్చుంది. ఎదురింటి డేవిడ్ చర్చి నుంచి నేరుగా వచ్చి, ఇస్త్రీ చొక్కా నలగకుండా టీవీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. సర్కారు కార్ఖానాలో ఫిట్టరట. ఇక్కడ ఇంగ్లీషు తెలిసిన మనిషి అతనొక్కడే కాబట్టి అందరికీ తెలుగులో చెప్పేది అతనే.

బొమ్మ వచ్చింది. ఇంధనం అయిపోతోంది, వెనక్కి తిప్పమని కెప్టెన్ ఇంగ్లీషులో అరిచాడు. డేవిడ్ గొంతు సవరించుకున్నాడు.

"చెల్లె దొరకకుంట నేను వాపస్ రాను. మా అవ్వకు ఏం మొఖం చూపియ్యాలె అంటున్నడు!"

గదంతా అయ్యో అంది. నాకు మతిపోయింది. యాదగిరి నాతో ఆరు నెలలుగా వాదించింది ఈ డేవిడ్ కథ గురించా! "ఆయన అట్ల అనలేదు" అని నోరు జారాను.

ముప్పై తలలు నావైపు తిరిగాయి. "మరేమన్నడు సార్?" అన్నాడు యాదగిరి. డేవిడ్ ముఖం సున్నం కొట్టినట్టయింది. అంతలో సబ్బు ప్రకటన వచ్చింది. అతను చటుక్కున లేచి నా చెవి దగ్గరికి వంగాడు.

"సార్, నాకొచ్చేది కార్ఖానా ఇంగ్లీషే. మల్లమ్మవ్వ అడిగితే మొదటి వారం ఏదో చెప్పిన. ఇగ ఆపనిస్తలేరు. ఇయ్యాల చెల్లెను తేవాలె, తెరమీద ఒక్క ఆడమనిషి లేదు. ఇజ్జత్ పోతది సార్, ఏదన్న చెయ్యుండ్రి."

గెలుపు నా నాలుక చివర ఉంది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట తర్వాత ఇతను ఈ వాడలో తలెత్తి తిరగగలడా? నాకు నిజంగా జాలేసింది. అంతకంటే, సిగ్గు విడిచి చెప్తున్నాను, అసలు కథకంటే అతని కథే బాగుంది.

"నేనే సరిగ వినలేదు. డేవిడ్ చెప్పిందే కరెక్టు" అన్నాను.

"గీయన ఇంగ్లీషు పంతులట!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. గదంతా నవ్వు. చెవులు కాలిపోయినా భరించాను.

మిగిలింది పావుగంట. చెల్లిని ఎక్కడినుంచి తేవాలి? చివరి దృశ్యంలో కెప్టెన్ రబ్బరు తలకాయ జీవి భుజం మీద చేయి వేశాడు. దానికి సెలవిచ్చి దాని గ్రహానికి పంపేస్తున్నాడు. ప్రకటనలయినా నా పక్కనుంచి కదలని డేవిడ్‌ను మోచేత్తో పొడిచి గొణిగాను. "అదే చెల్లె."

ఒక్క క్షణం నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసి, అందుకున్నాడు. "దొంగలు నీ రూపం మార్చిండ్రా చెల్లె! ఇన్ని దినాలు నా పక్కనే ఉన్నవ్, నేను గుర్తుపట్టకపోతి! ఇగ అత్తగారింటికి పోయిరా!"

"నాకు మొదటి వారమే అనుమానమొచ్చింది" అంది మల్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ. "మరి వట్టి చేతుల్తోని అత్తగారింటికి పంపుతడా? ఒడిబియ్యం పొయ్యడా?"

డేవిడ్ నావైపు చూశాడు. ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోయకుండా సాగనంపడం ఆ గదిలో చెల్లదు. అప్పుడే కెప్టెన్ ఏదో యంత్రం ఉన్న చిన్న సంచిని ఆ జీవి చేతుల్లో పెట్టాడు. ఈసారి నేను ఆగలేకపోయాను. లేచి నిలబడి అరిచాను.

"అగో, పోసిండు! ఒడిబియ్యం పోసిండు!"

ఆడవాళ్లంతా ఏడ్చారు. మల్లమ్మ నన్ను మెచ్చుకుంది. "ఇప్పుడు మంచిగ వినబడ్డది సారుకు" అంది.

నేను ఓడిపోయానని యాదగిరి ముందు ఒప్పుకుని, భోజనం చేసి, పత్తర్‌గట్టిలో చీర కొన్నాను. యాకుత్‌పురా స్టేషన్‌కు డేవిడ్ ఒక్కడే సాగనంపడానికి వచ్చాడు. బండి కదలబోతుండగా కిటికీ పట్టుకున్నాడు.

"వచ్చే వారం సంది కొత్త సీరియలట సార్. మళ్ల నన్నే చెప్పమంటున్నరు. ఈసారి సరిగ చెప్తా. ఇంగ్లీషు నేర్సుకోనీకి ఒక మంచి పుస్తకం పేరు చెప్పుండ్రి."

పన్నెండేళ్లుగా పిల్లల్ని బెత్తం పట్టుకుని ఇంగ్లీషు నేర్చుకోమన్నవాణ్ని. "వద్దు డేవిడూ, నీకు దండం పెడతా, నేర్చుకోకు" అన్నాను. బండి కదిలినా అతను నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు బడికి పోయి మళ్లీ గ్రామరే చెప్పాను. ఏం చేస్తాం, జీతమిచ్చేది దానికే.