ముగ్గురికి సరిపోయే బండి

మా ఆయనకు సైకిలు కూడా సరిగ్గా వచ్చేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని వీధిలో తొక్కుతూ, ఎదురొచ్చిన జట్కాను తప్పించబోయి మురుగుకాలవలో పడ్డారు. ఆ తర్వాత దాని జోలికి పోలేదు. హార్బరులో గుమాస్తా ఉద్యోగం. తొండియార్‌పేటలో మా ఇంటి నుంచి రాయపురం దాకా నడిచి ట్రామెక్కేవారు. ట్రాములు ఆగిపోయాక బస్సు. అలాంటి మనిషి ఒకరోజు మా అన్నను ఇంటికి పిలిపించి, "బావా, నాకొక మోటారుసైకిలు కావాల. ఏది కొనేదో నువ్వే చూపించాల" అన్నారు.

అప్పటికి మా పాప పోయి రెండు నెలలు కావస్తున్నది.

నాలుగేళ్ళ పిల్ల. గొంతునొప్పి, జ్వరం అంటే రెండు రోజులు కషాయాలు తాగించాను, వీధి చివర డాక్టరు మందు కూడా ఇచ్చాడు. మూడోరోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాల వేళకు పాప ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో ఈల వేసినట్టు చప్పుడు రాసాగింది. ఆయన తింటున్న కంచంలోనే చెయ్యి కడిగేసి, పరుగెత్తి జట్కా తెచ్చారు. పెద్దాసుపత్రికి పోయే దారిలో రైలు గేటు పడి ఉంది. హార్బరు నుంచి వచ్చే గూడ్సు, ఎంతకూ తరగని గూడ్సు. ఆయన దిగిపోయి గేటు వాణ్ణి బతిమాలారు. రైలు కళ్ళ ముందు పోతూ ఉంటే వాడు మాత్రం ఏం చేస్తాడు? వెనక్కి తిరుగుదామంటే మా వెనక ఎద్దుబండ్లు బారులు తీరి ఉన్నాయి. మా పక్కనే ఒక మనిషి మోటారుసైకిలు మీద కూర్చుని ఉన్నాడు. కాసేపు చూసి, విసుక్కుని, బండి ఇట్టే తిప్పి, ఎద్దుబండ్ల సందులోంచి దూరి చుట్టుదారిన పోయాడు. ఆయన పాపను భుజాన వేసుకుని అతను పోయినవైపే చూస్తూ నిలబడ్డారు.

ఆసుపత్రిలో డాక్టరు పాప నోరు తెరిచి చూశాడు. గొంతులో పొర కట్టిందన్నాడు. సూది వేశారు, ఇంకా ఏమేమో చేశారు. సాయంత్రానికి అంతా అయిపోయింది. "కొంచెం ముందుగా తెచ్చి ఉంటే..." అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు. అతను మంచివాడే. ఆపకుండా అని ఉన్నా ఆ మాట అంతకంటే ఎక్కువ బాధించేది కాదు.

మోటారుసైకిలు కావాలనగానే మా అన్న సంతోషించాడు. అన్న ఒక ఇన్సూరెన్సు కంపెనీలో పని చేసేవాడు, పాత ఇంగ్లీషు బండి మీద ఊరంతా తిరిగేవాడు. "బావకు మనసు మళ్ళే దారి దొరికింది అమ్మణ్ణీ, అడ్డం చెప్పొద్దు" అన్నాడు నాతో. నేనెందుకు అడ్డం చెబుతాను? ఆ రెండు నెలల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి కోరిక అది.

ఉప్పు గోడౌన్ల పక్కన ఖాళీ స్థలంలో అన్న తన బండి మీదే నేర్పించాడు. రోజూ సాయంత్రం మోకాళ్ళు చీరుకుని వచ్చేవారు. ఒకసారి పొగ గొట్టం తగిలి పిక్క మీద అరచేయంత బొబ్బ లేచింది. కొబ్బరినూనె రాస్తుంటే చూడలేక నేనే కళ్ళు మూసుకున్నాను. ఆయన మాత్రం ఆ కాలు ఇంకెవరిదో అన్నట్టు కూర్చున్నారు. పడినా లేచి మళ్ళీ ఎక్కేవారట. "భయమే లేదు మీ ఆయనకు. కొత్తగా నేర్చుకునేటోడికి కొంచెమైనా భయం ఉండాల. నాకు అదే భయంగా ఉండాది" అన్నాడు అన్న.

కాస్త చెయ్యి తిరిగాక బండ్లు చూడటం మొదలైంది. మొదట చింతాద్రిపేటకు తీసుకుపోయాడు. అక్కడ కూవం ఏటి ఒడ్డున ఒక షెడ్డులో, యుద్ధంలో మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన బండ్లు అమ్మేవారట. ఆ సంగతి అన్న వచ్చి చెప్పాడు. ఆయన పొట్టి మనిషి. ఎక్కి కూర్చుంటే మునివేళ్ళు మాత్రమే నేలకు తగిలాయి. బండి ఒక పక్కకు ఒరిగితే అన్నా, షెడ్డు మనిషీ కలిసి పట్టుకున్నారు.

"మొదటి బండికి రెండు కాళ్ళూ నేలకు ఆనాల బావా. పడితే నువ్వొక్కడివే లేపుకోగలగాల. ఇది నీకొద్దు" అన్నాడట అన్న.

"అదంతా సరి. ఒక్క తన్నుకు స్టార్టవుతుందా?" అని ఆయన అడిగారట.

తన్నారు. కిక్కరు ఎదురు తన్నింది. చీలమండ వాచి, అన్న భుజం పట్టుకుని కుంటుతూ ఇంటికి వచ్చారు. వచ్చీ రాగానే, "అది కాకపోతే ఇంకోటి. ఒక్క తన్నుకు లేచేది కావాల బావా. రెండోసారి తన్నే టైము ఉండదు" అన్నారు. దేనికి టైము ఉండదని అన్న అడగలేదు. నేనూ అడగలేదు.

తర్వాతి వారం మౌంట్ రోడ్డు. కొత్త బండ్లు అమ్మే పెద్ద షాపు. నన్ను కూడా రమ్మన్నారు. "నేనెందుకండీ?" అంటే, "వెనక కూర్చునేది నువ్వు గదా. నీకు కుదిరిందో లేదో చూడొద్దా?" అన్నారు. పాప పోయాక నేను గడప దాటింది ఆ రోజే. అద్దాల తలుపులు, నున్నటి గచ్చు, నెత్తిమీద ఫ్యాన్లు. బండ్లు వరసగా తళతళలాడుతున్నాయి. మా మాటలు విని షాపులో పనిచేసే కుర్రాయన తానూ తెలుగువాణ్ణేనని చెప్పి కుర్చీలు వేయించాడు. ఈ బండి ఎంత వేగం పోతుంది, గేలను పెట్రోలుకు ఎంత దూరం వస్తుంది, హుషారుగా చెప్పుకొచ్చాడు. ఆయన అవేవీ వినలేదు. వెనక సీటు మీద చెయ్యి పెట్టి నొక్కి చూస్తున్నారు.

"వెనక కూర్చున్నోళ్ళు ఒళ్ళో బిడ్డను పెట్టుకున్నారనుకో. ఒక చెయ్యి బిడ్డకు పోతుంది. ఇంకో చేత్తో పట్టుకునేదానికి ఈడ ఏముంది?"

"మీ భుజం పట్టుకుంటారు సార్. బిడ్డ చిన్నదా? ఎంత వయసు?"

"నాలుగేళ్ళు."

"అయితే వెనకెందుకు సార్, ముందర ట్యాంకు మీద కూర్చోబెట్టుకోండి. పిల్లలకు అదంటే ప్రాణం. బాగా గాలి తగలతాది."

"లేదు లేదు. గాలి తగలకూడదు" అన్నారు ఆయన. "ఒంట్లో బాగా లేదు. గొంతు."

మా అన్న అద్దాల తలుపు తోసుకుని బయటికి పోయాడు. మెట్టు మీద, మాకు వీపు పెట్టి, రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు. షాపు కుర్రాయనకు ఏమీ తెలియదు. నా వైపు తిరిగి, "పాపకు ఇప్పుడు ఎట్లుంది అమ్మా?" అన్నాడు. నేను గచ్చు చూస్తూ తల ఆడించాను. అతను దాన్ని ఎలా తీసుకున్నాడో ఏమో, "అయితే మీకు సైడుకారు ఉన్న బండి మేలు సార్" అని మమ్మల్ని లోపలికి తీసుకుపోయాడు.

బండికి పక్కన తొట్టిలాంటి సీటు, దానికొక చక్రం, ముందు చిన్న అద్దం. ఆయన వంగి దాని లోపలికి తొంగి చూశారు. లోపల ఎర్రటి మెత్త.

"పడుకోబెట్టొచ్చునా?"

"పెద్దవాళ్ళే కాళ్ళు చాపుకోవచ్చు సార్."

"ఇదే" అన్నారు ఆయన. "ముగ్గురం సరిపోతాం."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. మా అన్న నా పక్కన నిలబడి కమ్మీ పట్టుకుని, మెల్లగా, "నువ్వే చెప్పాల అమ్మణ్ణీ. నా వల్ల కాదు" అన్నాడు.

ఆయనకు పాప లేదని తెలియక కాదు. రోజూ తెలుసు. గోడకున్న చిన్న గౌనులు మడిచి పెట్టెలో పెట్టింది ఆయనే. కానీ బండి మాట వచ్చేసరికి ఆయన ఆ ఆదివారం మధ్యాహ్నంలోకి వెళ్ళిపోయేవారు. అక్కడ పాప ఇంకా ఊపిరి తీస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున నేను ముగ్గు వేసి లేచేసరికి, ఆయన నా కుట్టుపని టేపు పట్టుకుని మా సందు వెడల్పు కొలుస్తున్నారు. సైడుకారు దూరేంత వెడల్పు ఆ సందుకు లేదు. "ఈ అరుగు కొంచెం కొట్టేస్తే లోపలికి వస్తాది. ఇంటాయన్ను అడగాల" అన్నారు.

నేను ముగ్గు గిన్నె కింద పెట్టాను.

"ఏమండీ, అందులో ఎవరిని కూర్చోబెట్టుకుని పోతారు?"

"ఏంది ఆ మాట?"

"మనం ఇద్దరమే ఉండాం. ఇద్దరికి సైడుకారు ఎందుకు?"

ఆయన టేపును వేలికి చుట్టసాగారు. చుట్టడం అయిపోయాక కూడా వేలు తిప్పుతూనే ఉన్నారు. తర్వాత అదే అరుగు మీద కూలబడ్డారు.

"తెలుసే. నాకు తెలీదా?" అన్నారు. "ఆ దినం గేటు కాడ, ఆ మోటారుసైకిలోడు ఎట్ల పోయినాడో చూస్తివా? ఇట్ల తిప్పి, ఇట్ల దూరినాడు. నాకు బండి ఉండి ఉంటే, నువ్వు వెనక కూర్చోని, పాప నీ ఒళ్ళో..."

అక్కడ ఏడుపు వచ్చింది. పాపను తీసుకుపోయిన రోజు మగవాళ్ళ మధ్య బిగబట్టుకుని నిలబడిన మనిషి, వీధిలో పాలవాళ్ళు పోతూ ఉండగా, కాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చారు. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. లోపలికి రమ్మనలేదు. చూసేవాళ్ళు చూడనీ అనుకున్నాను.

చాలాసేపటికి, "బండి వద్దంటావా?" అన్నారు.

"వద్దననండీ. మీ కాళ్ళు నేలకు ఆనేది కొనుక్కోండి. అన్న చెప్పినట్టు, పడితే మీరే లేపుకునేది. మీకు ఏదన్నా అయితే నాకెవరుండారు?"

ఆ మాట ఆయనకు అంతవరకు తోచినట్టు లేదు. తల ఎత్తి నన్ను చూశారు. పాప పోయాక నన్ను సరిగ్గా చూడటం అదే మొదలేమో.

వేపేరిలో ఒక బడిపంతులు తన చిన్న బండి అమ్ముతున్నాడని అన్న కనుక్కున్నాడు. తేలికైన బండి, పచ్చ రంగు, వెనక సన్నటి సీటు. ఆయన కూర్చుంటే రెండు పాదాలూ నిండుగా నేల మీద ఆనాయి. అన్న కావాలనే దాన్ని పక్కకు పడేసి, "లేపు బావా" అన్నాడు. ఒక్కరే లేపారు. మెల్లగా తన్నితే టకటకమంటూ లేచింది. మా సందులోకి దాన్ని నడిపించుకుంటూ వచ్చిన రోజు ఆ చప్పుడు విని అన్న, "బండి కొన్నాడా, కుట్టుమిషను కొన్నాడా?" అన్నాడు. నాకు నవ్వు వచ్చేసింది. ఆయన కూడా నవ్వారు. వెంటనే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆపేశాం. ఆ ఇంట్లో ఇక నవ్వొచ్చునా లేదా అన్నది మాకు తెలియదు.

ఆయన బండి మీద ఆఫీసుకు పోవడం మొదలుపెట్టారు. ఎంత నెమ్మది అంటే సైకిళ్ళవాళ్ళు దాటిపోయేవారు. కొన్నాళ్ళకు సాయంత్రం రావడం ఆలస్యం కాసాగింది. చెప్పుల నిండా ఇసుక ఉండేది. సముద్రం ఒడ్డున కూర్చుని వస్తున్నారేమో అనుకున్నాను. ఒకరోజు చెప్పులు దులుపుతూ అడిగాను.

"కాశిమేడు పోయినా" అన్నారు. "పాప కాడికి."

పాపను పూడ్చిన చోటు నేను చూడలేదు. ఆడవాళ్ళు పోకూడదు. ఆ రోజు నా ఒళ్ళోంచి తీసుకుని వీధి మలుపు తిరిగినంతవరకే నాకు తెలుసు. మలుపు తర్వాత ఏముందో ఊహించుకోవడానికి కూడా నాకేమీ లేదు.

"నన్ను కూడా తీసుకుపోండి."

"ఆడోళ్ళు ఆడికి రాకూడదు గదే. ఎవరన్నా చూస్తే?"

"చూస్తే చూడనీ."

ఆదివారం పొద్దున పోయాం. ఆ బండి వెనక నేను కూర్చోవడం అదే మొదటిసారి. ఒక పక్కకు తిరిగి కూర్చుని, కుడిచేత్తో ఆయన భుజం పట్టుకున్నాను. ఎడమచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను, తర్వాత చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాను. గుంటలు వచ్చినప్పుడల్లా ఆయన, "భద్రం, భద్రం" అంటూనే ఉన్నారు.

బయట బండి నిలిపి లోపలికి నడిచాం. కాపలా మనిషి నన్ను చూసి ఏదో అనబోయి, ఏమనుకున్నాడో, మొహం తిప్పుకున్నాడు. పిల్లల్ని పూడ్చేది ఒక మూల. అంతా ఇసుక. చిన్న చిన్న దిబ్బలు. వానలకు కొన్ని దిబ్బలు కరిగి నేలతో కలిసిపోయాయి. ఆయన ఒకచోట ఆగారు.

"ఈడనే" అన్నారు. మళ్ళీ చుట్టూ చూశారు. "కాదు... గోడ ఇంత దగ్గర లేదు ఆ దినం. ఆడ. ఆ రాయి పక్కన."

నాకు అప్పుడు అర్థమైంది. ఇన్ని సాయంత్రాలూ ఈయన వచ్చి వెతుకుతూనే ఉన్నారు. పూడ్చే రోజు కళ్ళు కనపడలేదు, గుర్తు పెట్టుకోలేదు. ఆ తర్వాత వానలొచ్చాయి.

"రాయి పెట్టించి ఉండాల్సింది" అన్నారు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఈ చోటుకూ ఆ చోటుకూ మధ్యలో కూర్చున్నాం. సముద్రం కనపడదు గాని హోరు వినపడుతుంది. పాపకు ఆ హోరంటే భయం లేదు, అలల్లోకి పరుగెత్తేది. ఆ సంగతి నేను అంటే ఆయన, "అవును, పట్టుకునేదానికి మన చేత అయ్యేది కాదు" అన్నారు. పాప గురించి మేమిద్దరం మామూలుగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవే.

ఆ తర్వాత మాకు పిల్లలు కలగలేదు. వీధిలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆయన అడక్కుండానే బండి తీసేవారు. కొందరికి మేలు జరిగింది, కొందరికి జరగలేదు. కాశిమేడుకు మాత్రం ఇద్దరం పోతూనే ఉన్నాం. చోటు ఏదన్నది మాకు ఎప్పటికీ తేలలేదు. ఒకసారి ఆయనకు తోచిన దగ్గర కూర్చునేవాళ్ళం, ఒకసారి నాకు తోచిన దగ్గర.