విమానం అతుకు మీద లప్పం

ప్లాస్టిక్ విమానాలు అతికించడాన్ని పిల్లల ఆట అనేవాళ్లతో నేను వాదించడం మానేశాను. వాళ్లు ఒక్కసారి ఆ పెట్టె తెరిచి చూడాలి. విమానం పొట్ట రెండు చెక్కలుగా వస్తుంది. రెక్కలో పైభాగం వేరు, కిందిభాగం వేరు. జిగురు పెట్టి కలిపినంత మాత్రాన విమానం అయిపోదు. అతికిన ప్రతిచోటా గీత కనిపిస్తుంది, రెక్క మొదట్లో గోరు దూరేంత సందు మిగులుతుంది. ఆ సందు పూడ్చి ఆ గీతను లేకుండా చేసినప్పుడే అది గాలిలోకి లేవగల వస్తువులా కనిపిస్తుంది. అసలు పని అదే. పెట్టెలో పెట్టిన కాగితంలో మాత్రం ఆ సంగతి ఒక్క ముక్క ఉండదు. రాసేవాళ్లకు ఏం రోగమో!

నేను బడిలో నేర్చుకున్నది తక్కువ. ఇంగ్లీషు కూడా డబ్బాల మీద, అట్టల మీద కూడబలుక్కుని నేర్చుకున్నదే. కామారెడ్డిలో రంగుల దుకాణానికి వెళ్లి ప్లాస్టిక్‌కు ఏ పుట్టీ మంచిదని అడిగితే, "అన్నిటికి ఇదే నడుస్తది పెద్దమనిషీ" అని గోడలకు పెట్టే లప్పం పొడి సంచి ముందర పడేస్తారు. నడవదు. గోడ నీళ్లు తాగుతుంది కాబట్టి లప్పాన్ని పట్టుకుంటుంది. ప్లాస్టిక్ చుక్క కూడా తాగదు. కార్ల సొట్టలకు పూసేది ఇంకో రకం. అది ఆరితే రాయి. దాన్ని అరగదీయబోతే చుట్టూ ఉన్న మెత్తని ప్లాస్టిక్కే ముందు అరిగిపోతుంది. పెద్ద గుంత ఉంటే, రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడే రకం మేలు. సన్న సందుకు ట్యూబులో వచ్చే బూడిదరంగు పుట్టీయే సరైనది. దాని ఘాటు ముక్కుకెక్కుతుంది. ఆ ఘాటులో ఉన్న మందే ప్లాస్టిక్ పైపొరను కాస్త కరిగించి కరుచుకుంటుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఎన్నో రెక్కలు పాడుచేసుకుని తెలుసుకున్నాను.

ఎల్లారెడ్డిలో మా ఆవిడ అన్న ఉంటాడు. జీవితమంతా గోడలకు లప్పం పెట్టినవాడు, ఇక్కడ కొన్నాళ్లు, దుబాయిలో చాలా ఏళ్లు. నిరుడు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. కుడిచెయ్యి కదులుతోంది కాని వేళ్లకు స్పర్శ లేదు. "గోడ మీద చెయ్యి పెడితే గోడ ఉన్నదో లేదో తెలుస్తలేదు బావా. ఇగ నేనెందుకు?" అన్నాడు ఒకసారి. స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు, చేతికి పని మాత్రం చెప్పండి అని డాక్టరు అన్నాడట. పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని మా బావ వాకిట్లోకి విసిరేశాడు. అందుకే సగం అతికించిన విమానాన్ని తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కాను.

"ఏంది బావా, ముసల్తనంల జాతర బొమ్మలు పట్టుకచ్చినవ్?"

"నువ్వు ఎక్కిపోయిన ఇమానమే. ఎన్నడన్న మొత్తం చూసినవా?"

"యాడ చూస్త? తలకాయ వంచుకోని లోపటికి పోవుడు, తలకాయ వంచుకోని బయటికి వచ్చుడు."

అలా అన్నవాడు దాన్ని ఒళ్లోంచి దించలేదు. ట్యూబు ఇచ్చి, ఎలా పూయాలో చెప్పి వచ్చాను.

మళ్లీ వెళ్లేసరికి విమానం కోడిగుడ్డులా తెల్లగా మెరుస్తోంది. ట్యూబు కంపు కొడుతోందని పక్కన పడేసి, గోడ లప్పం కలిపి పూశాడు. ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో లాగాడట. నునుపు చూస్తే నిజంగా కళ్లు చెదిరాయి. కాని బొటనవేలితో కాస్త నొక్కగానే పెంకు ఊడినట్టు ఊడి కిందపడింది.

"ఇది గోడ కాదు బావా!"

"గోడలల్లనే పుట్టి పెరిగినోన్ని, నాకే చెప్తవా?"

"చెప్త. పడ్డది కనవడ్తలేదా?"

ఆయన భార్య గడపలో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. "ఇద్దరు మంచిగ దొరికిన్రు. ఒకలు పూసుడు, ఒకలు పొక్కించుడు" అని నవ్వింది. తర్వాత నాకు మాత్రమే వినపడేలా, "నిన్న చాయ గిలాస కాల్తున్నది తెలువక గట్లనే పట్టుకున్నడు తమ్మీ. వేలు బొబ్బెక్కింది" అంది.

ఈసారి నేను పక్కన కూర్చున్నాను. సందుకు రెండువైపులా టేపు అంటించాం. ట్యూబు పుట్టీని పలచగా లాగాడు, తడి ఆరకముందే టేపు పీకేశాం. మరునాటిదాకా ముట్టొద్దన్నాను. ఆ రాత్రి అక్కడే ఉన్నాను, ఆయన మీద నాకు నమ్మకం లేక.

పొద్దున సన్న గరుకు కాగితాన్ని నీళ్లలో ముంచి అరగదీశాం. కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. అతుకు ఆనవాలు లేదు.

"అయిపోయింది" అన్నాను.

బావ విమానం తీసుకున్నాడు. కళ్లు మూసుకుని, కుడిచేతి చూపుడువేలు రెక్క మొదట్లో పెట్టి మెల్లగా లాగాడు. ఒకచోట ఆగాడు.

"ఈడ లోతున్నది."

"యాడ?"

"ఈడనే. వెంట్రుకంత."

నేను మళ్లీ చూశాను. ఏమీ లేదు. గడపలో ఆయన భార్య కత్తెర చప్పుడు ఆగింది. ఆమె ముఖం చూడలేకపోయాను. మనసు ఊరడించుకోవడానికి అంటున్నాడని ఇద్దరికీ అనిపించింది. అలాంటి మాటకు అవునంటే అబద్ధం, కాదంటే పాపం.

తేల్చేది ఒక్కటే ఉంది. రంగుకు ముందు చల్లే బూడిదరంగు పూత. అది వేస్తే కంటికి దొరకనిది బయటపడుతుంది. విమానాన్ని ఆయన చేతిలోనే ఉంచి, వేలు అక్కడే ఉంచమని, వేలి కొనకు రెండువైపులా పెన్సిలుతో గుర్తు పెట్టాను. అప్పుడు వాకిట్లోకి తీసుకెళ్లి చల్లాను. తడిగా ఉన్నంతసేపు అంతా నున్నగానే ఉంది. ఎండకు పూత ఆరుతూ వచ్చింది. రెండు గుర్తుల మధ్య, నా కళ్ల ముందే, సన్నటి గీత తేలింది. సరిగ్గా వెంట్రుకంత.

ఎందుకు తేలిందో నాకు తెలుసు. ఘాటు ఆవిరైపోతుంటే పుట్టీ కుంగుతుంది, అందుకే రెండోసారి పూయాలి. అది తెలిసి కూడా ఆ గుర్తుల మధ్య మళ్లీ మళ్లీ చూశాను. ఇన్నేళ్లుగా ఈ అతుకులను చూస్తున్న నా కళ్లకు దొరకని లోతు, చాయ వేడి తెలియని వేలికి దొరికింది. ప్రాణం ఎక్కడ నుంచి, ఏ దారిన తిరిగొస్తుందో ఏ కాగితం మీద రాసి ఉంటుంది?

బావ గీతను చూడలేదు. నా ముఖం చూసి తెలుసుకున్నాడు.

ఆయన భార్య లేచి వచ్చింది. తన చెయ్యి చాపి ఆయన ముందు పెట్టింది. అదే వేలిని ఆమె అరచేతి మీదుగా మెల్లగా నడిపించాడు. బొటనవేలి మొదట్లో, కత్తెర ఒరుసుకునే చోట ఆగాడు.

"ఇంత గరుకేందే?"

"ఎప్పటినుంచో గట్లనే ఉన్నది" అంది ఆమె. చెయ్యి మాత్రం తీసుకోలేదు.