మధ్యాహ్నం మోగిన పొద్దుటి సైరన్

ఏన్కూరు దగ్గర ఒక పత్తి మిల్లులో నేను కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరిన కొత్తలో జరిగిందిది. వాచ్‌మన్ మోగించే పొద్దున షిఫ్ట్ సైరన్‌ను ఇక కంప్యూటరే మోగించేలా చేస్తానని పట్టుబట్టాను. లైనక్స్‌లో క్రాన్ అనే సర్వీసు ఉంటుంది. ఏ పని ఎన్నింటికి చేయాలో చెప్పి ఉంచితే ఆ టైముకు అదే చేసేస్తుంది. ఎనిమిదికి పెట్టాను.

మర్నాడు ఎనిమిదికి సైరన్ మోగలేదు. ఎంత వెతికినా కారణం దొరకలేదు. మధ్యాహ్నం ఒకటిన్నరకు, అందరూ పనిలో ఉండగా, ఒక్కసారిగా మోగింది!

పత్తి మిల్లులో వేళకాని వేళ సైరన్ మోగిందంటే నిప్పంటుకుందనే అర్థం. అందరం షెడ్డు వెనక గేటుకు పరుగెత్తాం. దానికి తాళం! "తాళం తియ్యుండ్రి!" అంటూ ఆడవాళ్లు కమ్మీలు పట్టుకుని ఏడ్చారు.

నిప్పు లేదని తేలాక సూపర్‌వైజర్ అందరి ముందూ నా మీద పడ్డాడు.

"ఏందమ్మా గిది? రేపటి నుంచి వాచ్‌మనే మోగిస్తడు. నువ్వు దాని జోలికి పోకు."

"కంప్యూటర్ గడియారం మన టైముకు ఐదున్నర గంటలు వెనకుంది సార్. చూసుకోకపోవుడు నా తప్పే, ఇప్పుడే సరిచేస్త. మరి గేటుకు తాళమేసింది ఎవరి తప్పు?"

"అవ్, చెప్పుండ్రి సారూ" అంది వెనక నుంచి పత్తి మోసే యాదమ్మ.

సూపర్‌వైజర్ తాళం తీయించి, సైరన్‌ను నాకే వదిలేశాడు. గడియారం మార్చి, సర్వీసును మళ్లీ స్టార్ట్ చేశాను. మర్నాడు సరిగ్గా ఎనిమిదికి సైరన్ మోగింది. నేను మాత్రం కంప్యూటర్ దగ్గర లేను, వెనక గేటు దగ్గర నిలబడి ఉన్నాను.

ఆ రోజు నా పరువు పోయిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అననివ్వండి. ఆ గేటుకు మళ్లీ తాళం పడలేదు.