పడవకి ఆట ఉండాలి

మా పెదనాన్నగారు మత్తయి ముప్పై ఎనిమిదేళ్ళుగా రాజోలులో లేత్ మిషను నడుపుతున్నారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేనూ ఆ షెడ్డులోనే ఉంటున్నాను. ఊడుస్తాను, నూనె పోస్తాను, వచ్చినవాళ్ళని కూర్చోబెడతాను.

అక్కడ అందరి నోటా ఒకటే మాట, ఆట. తిరిగే షాఫ్ట్‌కీ దాని చుట్టూ గొట్టంలా ఉండే బుష్‌కీ మధ్య ఖాళీ అన్నమాట. ట్రాక్టరువాళ్ళు దాన్ని జబ్బులా చెప్పుకుంటారు: "స్టీరింగులో ఆట వచ్చేసిందండి." కుట్టు మిషనుకి వెంట్రుకంత ఆట ఉన్నా బట్టలు కుట్టే శాంతి అక్క ఊరుకోదు. కొబ్బరి పీచు మిల్లువాళ్ళు దుమ్ము పట్టినా తిరగాలని కాస్త ఆట వదలమంటారు. పడవవాళ్ళయితే అడిగి మరీ పెట్టించుకుంటారు. వాళ్ళ నైలాన్ బుష్ నీళ్ళకి ఉబ్బుతుంది. ఖాళీ లేకపోతే సముద్రం మధ్యలో షాఫ్ట్ పట్టేసి పడవ ఆగిపోతుంది. ఎవరికెంతో పెదనాన్నగారు ఎక్కడా రాసుకోలేదు. బొటనవేలితో తడిమి చెప్పేస్తారు.

మొన్న శుక్రవారం పొద్దున్నుంచీ వరసగా ఏడు నీళ్ళ పంపులు. ఏడింటికీ బుష్ బిగుతుగానే ఉండాలి. అన్నం తినకముందే ఎనిమిదో పని వచ్చింది. ఓడలరేవు నుంచి తాతబ్బాయిగారు పడవ షాఫ్ట్ పట్టుకొచ్చేరు. తెల్లారితే ఆ పడవలో నలుగురు వేటకెళ్ళాలి.

"ఏం తాతబ్బాయ్, చేపలే నిన్ను పట్టినట్టున్నాయి, ముఖం అలా ఉంది?"

"ఆయ్, ఇప్పుడు మీ వలలో పడ్డానుగా అండీ."

పెదనాన్నగారు నైలాన్ కోసి బుష్ తొడిగేరు. చప్పుడు లేకుండా మెత్తగా దిగింది. పంపుకి దిగినట్టే దిగింది. తాతబ్బాయిగారు సంచిలో వేసుకున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ చేతికి నేనేం చెప్తాను? తాతబ్బాయిగారు లేచి చెప్పులు తొడుక్కున్నారు.

"పెదనాన్నగారూ, అది పడవదండి," అన్నాను.

"తెలుసులే," అనబోయి ఆగేరు. సంచిలోంచి బుష్ తీయించి షాఫ్ట్ మీద రెండుసార్లు తిప్పేరు. "ఆట లేదు తాతబ్బాయ్. తప్పు చేసేను."

"మీరా! మా ఊళ్ళో చెప్తే నన్నే కొడతారండి." నవ్వబోయిన తాతబ్బాయిగారు పెదనాన్నగారి ముఖం చూసి మానేసేరు.

బుష్‌ని మళ్ళీ లేత్‌కి బిగించి, లోపల కాస్త కాస్తగా కోసేరు. ఈసారి బుష్ షాఫ్ట్ మీద అటూ ఇటూ కదిలింది.

తాతబ్బాయిగారు వెళ్ళేక పెదనాన్నగారు మోటారు ఆపేసేరు. తరవాత సొరుగులోంచి కొలత చూసే వెర్నియర్ తీసి నా చేతిలో పెట్టేరు.

"చూడ్డం వచ్చా?"

"రాదండి."

"చూపిస్తాను. కాస్త కూర్చోనియ్యమ్మా."