మొల కొట్టనివ్వని గోడ

ఇందాక మా పాప ఫోన్లో ఇల్లు కట్టే ఆట ఆడుతూ ఒక గోడను వేలితో పక్కకు జరిపింది. దిల్‌సుఖ్‌నగర్ దోస్తులూ, చైతన్యపురి ఇంటర్నెట్ సెంటర్ గుర్తుందా? చెమట వాసన, జిడ్డు పట్టిన మౌస్. దాన్ని తిప్పితే మనం ఆటలో కట్టిన ఇల్లంతా తెరమీద గిర్రున తిరిగేది. కప్పు తీసి లోపలికి తొంగిచూసేవాళ్లం, నచ్చని గోడను కూల్చేసేవాళ్లం.

మా అసలు ఇంట్లో మాత్రం "గోడకు మొలలు కొట్టద్దు" అని ఓనర్ ముందే చెప్పాడు. పోయిన నాన్న ఫొటో బియ్యం డబ్బా మీద గోడకు ఆనించి ఉండేది.

ఒకరోజు నన్ను తీసుకుపోవడానికి సెంటర్‌కు వచ్చిన అమ్మ, నేను కట్టిన ఇల్లు చూసింది.

"మంచిగుంది బిడ్డా. గా గోడకు మీ నాయిన ఫొటో పెట్టరాదు?"

ఆటలో నాన్న ఎక్కడుంటాడు? అందులో ఉన్న పటాల్లో ఓడ బొమ్మ ఒకటుంటే ఆ గోడకు తగిలించాను. అమ్మ దాన్నే చాలాసేపు చూసింది.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఉంటున్నాం. ఇదీ కిరాయి ఇల్లే, ఈ ఓనరూ మొల కొట్టనివ్వడు. ఫ్రిజ్ మీద నాన్న ఫొటో పక్కన అమ్మ కూడా గోడకు ఆనుకుని ఉంది.

"డాడీ, గీ గోడకు ఏం పెట్టాలె?" అని పాప ఫోన్ చూపించింది.

"ఓడ బొమ్మ ఉందేమో చూడు బిడ్డా" అన్నాను.