విచారణ నివేదికలో వజ్రాలు

సలీం ఉద్యోగం ఎందుకు పోయిందని ఇస్నాపూర్‌లో ఎవరిని అడిగినా దొంగ వజ్రాల కేసని చెబుతారు. అలాంటి కేసేదీ లేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో పూర్తిగా తెలిసినవాడిని నేను కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం నా బాధ్యత.

నేను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసు అధికారిగా పదవీ విరమణ చేశాను. హాజరు, ఓవర్‌టైమ్, సెలవులు చూసే విభాగం అది. కరోనా తగ్గిన మరుసటి ఏడాది, విరమణకు కొద్ది నెలల ముందు, నన్ను ఒక అంతర్గత విచారణకు విచారణాధికారిగా నియమించారు. పర్మినెంట్ కార్మికుడిని శిక్షించాలంటే ముందు అభియోగ పత్రం ఇవ్వాలి, సాక్షులను అతని ఎదుటే ప్రశ్నించాలి, ప్రతి పేజీ మీద అందరి సంతకాలూ తీసుకోవాలి. ఏది రుజువైందో మాత్రమే విచారణాధికారి రాస్తాడు. శిక్ష యాజమాన్యం వేస్తుంది. నా చదువు పదో తరగతి. మిగిలిందంతా సంగారెడ్డి గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే. మంచి తెలుగులో నివేదిక రాయగలనని నన్ను ఎంచుకున్నారు. అది నాకు గర్వంగానే ఉండేది.

అభియోగం ఎదుర్కొన్న సలీం ప్యాకింగ్ విభాగంలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఫోన్‌లో ఆడే ఒక తుపాకుల ఆటలో సామాను కొనడానికి వాడే డైమండ్లను తోటి కార్మికులకు సగం రేటుకు అమ్మాడు. నెల తిరగకుండానే ఆట కంపెనీ ఆ డైమండ్లను వెనక్కి తీసుకుని, కొన్నవాళ్ల ఖాతాలు మూసేసింది. ముగ్గురు మోసం జరిగిందని ఫిర్యాదు చేశారు.

మొదటి సాక్షి యాదగిరి. డైమండ్లంటే చేతికి వస్తాయా అని అడిగాను.

“చేతికేం రావు సార్. తుపాకికి రంగు, మనిషికి కొత్త అంగి, గంతే,” అన్నాడు.

“రంగేస్తే గుండ్లు జల్దీ పోతయా?” అని సలీం తరఫున సహాయకుడిగా కూర్చున్న నర్సింలు ఎగతాళి చేశాడు.

“నీ బండికి గన్ని స్టిక్కర్లు ఎందుకేసినవన్నా? గందుకే.”

ఆ రెండు మాటలు నేను రికార్డులో రాయలేదు.

సగం ధరకు ఎలా వచ్చాయన్నది అసలు ప్రశ్న. సలీం ఇలా చెప్పాడు: “సార్, మన లైన్ల గోలీ ఒక్కటే గద. ఆఫ్రికా డబ్బాల ఏస్తే ఒక రేటు, యూరప్ డబ్బాల ఏస్తే ఇంకో రేటు. గేమ్ల గూడ గట్లనే. టర్కీ అకౌంట్ల కొంటే సస్తా, సగం రేటుకే అస్తయి. ఆడ కొని ఈడికి పంపిన. డైమండ్లు అసలువే సార్.”

“మరి ఏ దేశంలో అమ్మాలో మన డబ్బా మీద రాసి ఉంటుంది కదా,” అన్నాను.

“ఉంటది సార్. గది సోంచాయించలే,” అని, ఆ ఆలోచనే రాలేదని ఒప్పుకున్నాడు.

వారపు సెలవు రోజున గ్రంథాలయంలో అర్థశాస్త్రం పుస్తకాలు తిరగేశాను. కొనేవాడి స్తోమతును బట్టి ఒకే సరుకుకు దేశానికో ధర పెట్టడం పాత పద్ధతే. చవక దేశపు సరుకు ఖరీదు దేశంలోకి జారకుండా చూసుకోవడమే అమ్మేవాడి జాగ్రత్త. ఒక దేశంలో కొన్నది ఇంకో దేశంలో అమ్మకూడదన్న నిషేధం ఆట కంపెనీ నియమాల్లోనూ ఉందని యాదగిరి తన ఫోన్‌లో చూపించాడు. సలీం ఆ నియమం దాటాడు. తోటివాళ్లను ముంచాలన్న ఉద్దేశం అతనికి లేదు. మోసం రుజువు కాలేదని, డ్యూటీ వేళలో సొంత వ్యాపారం చేసినట్టు మాత్రం రుజువైందని తేల్చాను. దానికి మామూలుగా హెచ్చరికో, ఒక ఇంక్రిమెంట్ కోతో పడుతుంది.

పొరపాటు రాతలో జరిగింది. విచారణలో అందరూ డైమండ్లనే అన్నారు. ఇంగ్లీషు మాట ఎందుకని నేను ప్రతిచోటా వజ్రాలని రాశాను. ఆట సంగతి మొదటి పేజీల్లో ఉంది. హెడ్డాఫీసుకు వెళ్లేది మాత్రం ముగింపు పేజీ ఒక్కటే, అదీ ఇంగ్లీషులోకి మార్చి. అందులో, విదేశీ ధరకు కొన్న వజ్రాలను ఫ్యాక్టరీ ఆవరణలో అమ్మినట్టు రుజువైందని ఉంది. వారంలో సలీంను తొలగిస్తూ ఆర్డరు వచ్చింది. కారణం: వజ్రాల అక్రమ వ్యాపారం.

నేను పర్సనెల్ మేనేజర్ దగ్గరికి వెళ్లి, అవి ఫోన్‌లో ఆడే ఆటలోవని చెప్పాను. ఆయన నా ముగింపు పేజీ తీసి నా ముందుకు తోశారు.

“గట్లని ఇందుల ఏడుంది, సూపెట్టు.”

లేదు. సవరణ కోరుతూ ఉత్తరం రాశాను. వ్యాపారం రుజువైంది గనుక ఆర్డరు మార్చనక్కరలేదని జవాబు వచ్చింది. లేబర్ కోర్టుకు వెళ్దామని నర్సింలు అడిగితే సలీం ఒప్పుకోలేదు. “ఏండ్లకేండ్లు తిరగాలె. అందాక ఇంటి కిరాయి నువ్వు కడతవా అన్నా?” అన్నాడట. వేరే ఫ్యాక్టరీలకు వెళ్తే పాత ఉద్యోగం ఎందుకు పోయిందని అడిగారు. ఆర్డరు చూశాక ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు ముత్తంగిలో ఒక గోదాములో రోజు కూలికి లోడింగ్ చేస్తున్నాడు.

విచారణ రికార్డులో సాక్షి వాడిన పదమే ఉండాలి. అంతకన్నా మంచి పదం తెలుసని మార్చకూడదు. ముగింపు పేజీ ఒక్కటే చదివేవాడికి కూడా విషయం తెలిసేలా రాయాలి. నాకు తెలిసివచ్చింది ఇంతే.

ఆట గురించి ఓపికగా చెప్పిన యాదగిరికి, కాగితాల నకళ్లు దాచి ఇచ్చిన నర్సింలుకు, పుస్తకాలు వెతికి ఇచ్చిన గ్రంథపాలకురాలు సుజాత గారికి కృతజ్ఞతలు. సలీం భార్య షాహిదాకు కూడా. తొలగింపు ఆర్డరు చదువుకోమని నాకిచ్చింది ఆమే. పేరు మార్చి రాస్తానంటే వద్దంది.

“పేరు మార్చకుండ్రి సార్. మారిస్తే గిది ఇంకెవలిదో అనుకుంటరు. మా ఆయన పేరు గట్లనే ఉంటది.”