నీళ్లంటే భయం

చీపురుపల్లిలో గాజుల కొట్టు నడిపే కన్యాకుమారికి ఈత రాదు. అయినా ఏటా కార్తీకంలో స్నేహితురాళ్లు రేఖ, ఈశ్వరిలతో కలిసి తెరచాప పడవలో రిజర్వాయరు మీద ఒక రాత్రి గడపడానికి వెళుతుంది. పడవెక్కింది మొదలు తెరచాప కట్టిన గుంజను వాటేసుకుని కూర్చుంటుంది. పులిహోర పొట్లం ఒళ్లో విప్పకుండానే ఉండిపోతుంది. పడవ కాస్త ఒరిగితే చాలు, కళ్లు మూసుకుని పెదవులు కదుపుతుంది. మిగతా ఇద్దరూ నిద్రపోయాక, అడుగున నీరు ఊరుతోందేమోనని చేత్తో తడిమి చూసుకుంటూ తెల్లవార్లూ మేలుకుంటుంది.

మొన్నటి కార్తీకంలో పొద్దుగూకగానే కొండ వైపు నుంచి గాలి విసురుగా కొట్టింది. పడవ పక్కకు ఒరిగిపోయి, చుక్కాని పట్టుకున్న రేఖ నీళ్లలో పడిపోయింది. మసక చీకట్లో ఒడ్డు కనిపించడం లేదు. కన్యాకుమారి గుంజను వదిలేసి, పడవ అంచున బోర్లా పడుకుని, మునుగుతున్న రేఖ జడ అందుకుంది. ఈశ్వరి కూడా చెయ్యి వేశాక ఇద్దరూ కలిసి ఆమెను పైకి లాగారు.

గాలి తగ్గాక కూడా కన్యాకుమారి కళ్లు మూసుకుని, ఒక చేత్తో గుంజను వాటేసుకునే కూర్చుంది.

“ఇంత బయమున్నదానివి ఎందుకొస్తావే?” అంది రేఖ, దగ్గుతూనే.

“నాను రాకపోతే మీరు మానేస్తారేటి? ఇంటికాడ కూకుంటే ఇంతకంటే బయమేస్తాదే,” అంది కన్యాకుమారి. రేఖ జడ ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది.